చలికి పడిపోయే మైలేజీ

ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ నుంచి మైనస్ 7 డిగ్రీలకు దిగితే, ఊళ్లో తిరిగే మామూలు పెట్రోలు కారు మైలేజీ సుమారు 15 శాతం తగ్గుతుంది. అమెరికా ఇంధన శాఖ ఇచ్చే లెక్క ఇది. వెళ్లే దూరం ఐదారు కిలోమీటర్లకు మించకపోతే ఆ తగ్గుదల 24 శాతం దాకా పోవచ్చు. అంటే లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి పదకొండున్నరకు దిగిపోతుంది. షికాగో, మినియాపొలిస్, టొరంటో వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఏటా చలికాలంలో మీదపడే ఖర్చు. బండిలో ఏ లోపమూ లేకుండానే ఇంత తేడా రావడానికి కారణాలు చాలా ఉన్నాయి కానీ అన్నీ ఒకే స్థాయివి కావు. అన్నింటికంటే పెద్దది, ఇంజిను చల్లబడి ఉండటం.

ఇంజిను చుట్టూ తిరిగే కూలెంటు 90 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నప్పుడే ఇంజిను కుదురుగా నడుస్తుంది. మే నెలలో విజయవాడలో తెల్లవారుజామున 30 డిగ్రీల దగ్గర స్టార్ట్ చేసిన కారు అక్కడికి చేరడానికి 60 డిగ్రీలు వేడెక్కాలి. జనవరిలో మినియాపొలిస్‌లో మైనస్ 15 దగ్గర స్టార్ట్ చేసినదైతే 105 డిగ్రీలు వేడెక్కాలి. ఆ వేడి అంతా ట్యాంకులోని పెట్రోలు నుంచే రావాలి.

పెట్రోలు ద్రవంగా ఉండగా మండదు. ఆవిరై గాలిలో కలిసినప్పుడే మండుతుంది. బరువులో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి సరైన మిశ్రమం. చల్లటి ఇంజినులో చిమ్మిన పెట్రోలు అంతా ఆవిరి కాదు, కొంత గోడలకు అంటుకుని తడిగానే మిగిలిపోతుంది. ఆవిరైనంత మేరకే మండుతుంది కనుక, మంట నిలవాలంటే పెట్రోలు ఎక్కువగా చిమ్మక తప్పదు. పాత మారుతి 800లోనూ, పాత మోటారు సైకిళ్లలోనూ చోక్ లాగడం ఇందుకే. మన దేశంలో 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక ద్విచక్ర వాహనాలు కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. ఇప్పుడు ఆ పని కంప్యూటరే చేస్తుంది. చోక్ కనిపించకుండా పోయింది కానీ అదనపు పెట్రోలు ఖర్చు పోలేదు. దీనికి తోడు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250-300 డిగ్రీలకు చేరితేగానీ పనిచేయదు. దాన్ని త్వరగా వేడెక్కించడానికి మొదటి నిమిషంలో కంప్యూటర్ ఇంజిను వేగం పెంచి, స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. అప్పుడు కాలే పెట్రోలు చక్రాలను తిప్పడానికి కాక సైలెన్సర్ గొట్టాన్ని వేడి చేయడానికి పోతుంది.

ఇక నూనె సంగతి. చలికి ఇంజిన్ ఆయిల్ ఆముదంలా చిక్కబడి పిస్టన్లనూ బేరింగులనూ పట్టుకుని లాగుతుంది. ఆయిల్ డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆ నూనె ఎంత సులభంగా పారుతుందో చెబుతుంది. అంకె చిన్నదయ్యేకొద్దీ చలికి మంచిది. అందుకే శీతల దేశాల్లో 0డబ్ల్యూ, 5డబ్ల్యూ రకాలు వాడతారు. చాలామందికి తెలియని విషయం ఒకటుంది. డ్యాష్‌బోర్డు మీద ముల్లు మధ్యకు వచ్చిందంటే వేడెక్కింది కూలెంటు మాత్రమే. ఆయిల్ పూర్తిగా వేడెక్కడానికి అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. గేర్‌బాక్సులోని నూనె, చక్రాల బేరింగుల్లోని గ్రీజు ఇంకా నెమ్మది. అవి బండి నడిస్తేనే వేడెక్కుతాయి.

కాబట్టి బండిని పావుగంట నిలబెట్టి ఇంజినును వేడి చేసే అలవాటు నష్టమే. కదలని కారు మైలేజీ సున్నా. ఊరికే ఆన్‌లో ఉన్న ఇంజిను, దాని పరిమాణాన్ని బట్టి, గంటకు లీటరు నుంచి రెండు లీటర్ల దాకా తాగుతుంది. పైగా ఆవిరి కాని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడిగేసి కిందికి జారుతుంది. అర నిమిషం ఆగి, నెమ్మదిగా బయలుదేరమని తయారీదారుల్లో ఎక్కువ మంది చెబుతారు. తక్కువ వేగంతో నడిచే ఇంజిను, నిలబడ్డ ఇంజిను కంటే త్వరగా వేడెక్కుతుంది. కెనడాలో మైనస్ 20కి దిగే ఊళ్లలో ఇంజినుకు చిన్న కరెంటు హీటరు అమర్చి, బయలుదేరే రెండు గంటల ముందు టైమరుతో అది ఆన్ అయ్యేలా పెట్టుకుంటారు. పార్కింగ్ స్థలాల్లో ప్లగ్గులు కూడా ఉంటాయి. పెట్రోలు చేయాల్సిన పనిలో కొంత కరెంటుతో ముందే జరిగిపోతుంది.

ఇంజిను వేడెక్కాక కూడా కొంత నష్టం మిగులుతుంది. చల్లగాలి బరువైనది. మైనస్ 7 డిగ్రీల గాలి సాంద్రత 25 డిగ్రీల గాలికంటే సుమారు 12 శాతం ఎక్కువ. హైవే మీద కారును వెనక్కి నెట్టే గాలి ఒత్తిడి కూడా అంతే పెరుగుతుంది. చల్లగాలిలో ఇంజినుకు బలం ఎక్కువని అంటారు. పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అది నిజమే. మామూలు వేగంతో వెళ్లేటప్పుడు మాత్రం దానివల్ల మైలేజీ పెరగదు.

టైర్లలో గాలి చలికి కుంచించుకుపోతుంది. 30 డిగ్రీల దగ్గర 32 పీఎస్ఐ పట్టించిన టైరు, మైనస్ 10 దగ్గర 26కు దిగుతుంది. గాలి తగ్గిన టైరు రోడ్డుకు ఎక్కువగా ఒత్తుకుని తిరుగుతుంది. నాలుగు టైర్లలోనూ ఒక్కో పీఎస్ఐ తగ్గితే మైలేజీ దాదాపు 0.2 శాతం పోతుంది. నష్టం చిన్నదే కానీ ఐదు నిమిషాల్లో సరిచేసుకోగలిగింది ఇదొక్కటే. అద్దం మీది మంచును కరిగించే తీగలు, సీటు హీటర్లు, బ్లోయరు కరెంటును లాగుతాయి. ఆ కరెంటు కోసం ఆల్టర్నేటర్ ఇంజిను మీద బరువు పెడుతుంది. ముందు అద్దం మీది ఆవిరి పోవడానికి డీఫ్రాస్ట్ మీట నొక్కితే చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ కూడా తిరుగుతుంది, గాలిలోని తేమను తీసేది అదే కనుక.

ఇంధనం కూడా రుతువును బట్టి మారుతుంది. చలిలో తేలిగ్గా ఆవిరి కావడానికి అమెరికా వంటి దేశాల్లో చలికాలపు పెట్రోలులో బ్యూటేన్ పాలు పెంచుతారు. అలాంటి పెట్రోలులో లీటరుకు ఉండే శక్తి కొద్దిగా తక్కువ. డీజిల్ సమస్య వేరు. అందులోని మైనం చలికి గడ్డకట్టి ఫిల్టరును మూసేస్తుంది. లద్దాఖ్ వాహనాల కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్‌ను తెచ్చింది.

హైబ్రిడ్ కార్లకు చలి దెబ్బ ఇంకా గట్టిది. మొదట చెప్పిన మైనస్ 7 డిగ్రీల చలికి వాటి మైలేజీ 30 నుంచి 34 శాతం తగ్గుతుంది. పెట్రోలు కారులో హీటరుకు కావలసిన వేడి ఇంజిను వృథాగా వదిలే వేడిలోంచి ఉచితంగా వస్తుంది. హైబ్రిడ్‌లో అవసరం లేనప్పుడు ఆగిపోవాల్సిన ఇంజిను, ఆ వేడి కోసమే మళ్లీ తిరగాల్సి వస్తుంది. విద్యుత్ కారు మోటారు వృథా చేసే వేడి చాలా తక్కువ. మిగతా రోజుల్లో అది గొప్ప గుణం, చలికాలంలో అదే ఇబ్బంది. లోపలి వెచ్చదనమంతా బ్యాటరీ నుంచే రావాలి. గడ్డకట్టే చలిలో విద్యుత్ కారు సామర్థ్యం 39 శాతం దాకా పడిపోవచ్చనీ, అదనంగా ఖర్చయ్యే శక్తిలో మూడింట రెండు వంతులు క్యాబిన్ హీటరుకే పోతుందనీ అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. మిగతా దాంట్లో కొంత బ్యాటరీ వల్ల పోయేది. లిథియం బ్యాటరీ చల్లగా ఉన్నప్పుడు గట్టిగా చార్జ్ చేస్తే దెబ్బతింటుంది కనుక, బ్రేకు వేసినప్పుడు తిరిగి వచ్చే శక్తిని కారు పూర్తిగా తీసుకోదు. చార్జరుకు తగిలించి ఉండగానే క్యాబిన్‌ను వెచ్చబరిస్తే ఈ నష్టంలో పెద్ద భాగం తప్పుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంత చలి లేదు. లంబసింగి, ఆదిలాబాద్ వంటి చోట్ల కొన్ని ఉదయాలు తప్పిస్తే, ఇక్కడ మైలేజీని ఎక్కువగా తినేది వేసవిలో ఏసీయే. అయినా 15 డిగ్రీల హైదరాబాద్ ఉదయాన కూడా ఇంజిను 75 డిగ్రీలు వేడెక్కాల్సిందే. రెండు కిలోమీటర్ల దూరంలోని బడి దగ్గర పిల్లలను దింపి వచ్చే కారు ఆ మెట్టు ఎక్కకముందే ఇల్లు చేరి ఆగిపోతుంది. మళ్లీ మధ్యాహ్నం మొదటి నుంచి మొదలుపెడుతుంది. నాలుగు చిన్న పనులను ఒకే ప్రయాణంలో ముగిస్తే వేడెక్కే ఖర్చు ఒక్కసారే పడుతుంది.

ఇక్కడి గ్యారేజీల్లో మరో అలవాటుంది. ఇంజిను మరీ వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు తీసి పక్కన పెట్టేస్తారు. ఇంజిను వేడెక్కేదాకా కూలెంటును రేడియేటర్‌కు వెళ్లనివ్వకుండా ఆపేది ఆ వాల్వే. అది లేకపోతే మొదటి నిమిషం నుంచే రేడియేటర్ ఇంజినును చల్లబరుస్తూ ఉంటుంది. చలికాలంలో హైవే మీద అలాంటి బండి సరైన వేడికి చేరదు. వేడి చాలలేదనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ చిమ్మిస్తూనే ఉంటుంది. కొత్త థర్మోస్టాట్ ఖరీదైన భాగమేమీ కాదు. వేడెక్కడానికి అసలు కారణమైన రేడియేటర్ పూడికనో, పనిచేయని ఫ్యానునో సరిచేసి, వాల్వును తిరిగి బిగించడమే సరైన మరమ్మతు.