గేరు మార్చే చెయ్యి

*క్లచ్ తొక్కి గేరు వేసే కారు నడపడంలో ఆనందం ఎక్కడిది? అది ఎందుకు కరవవుతోంది? బొగ్గు టిప్పర్లు, ఘాట్ మలుపులు, నల్లరేగడి బురద ఉన్న మంచిర్యాల దారుల్లో చూస్తే జవాబు స్పష్టంగా కనిపిస్తుంది.*

ఇంజిన్ శక్తి చక్రాలకు ఎప్పుడు, ఎంత అందాలో డ్రైవరే నిర్ణయించే కారు మాన్యువల్ కారు. ఎడమ పాదం కింద క్లచ్, ఎడమ చేతి కింద గేరు రాడ్డు అతని పనిముట్లు. ఆటోమేటిక్ కారులో ఈ నిర్ణయం యంత్రం తీసుకుంటుంది. విద్యుత్ కారులో ఆ నిర్ణయం అవసరమే దాదాపుగా లేదు. నూరేళ్లకు పైగా డ్రైవింగ్ నేర్చుకోవడమంటే గేర్లు వేయడం నేర్చుకోవడమే. ఇప్పుడు గేర్లు వేయడం తెలియకుండానే మంచి డ్రైవరు కావచ్చు. ఈ మార్పుకు బలమైన కారణాలున్నాయి. దానితోపాటు పోతున్న విద్యకూ విలువ ఉంది.

గేర్లు ఎందుకు?

పెట్రోలు, డీజిలు ఇంజిన్లకు సహజమైన పరిమితి ఒకటుంది. అవి సున్నా వేగం నుంచి బండిని లాగలేవు. నిమిషానికి 700 నుంచి 900 చుట్లు తిరుగుతూ ఉంటేనే ఆగిపోకుండా ఉంటాయి. మంచి బలం ఇచ్చేది అంతకు మించిన చుట్ల దగ్గరే. చక్రాలు మాత్రం నిలకడ నుంచి మొదలై గంటకు నూరు కిలోమీటర్ల వేగం దాకా తిరగాలి. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేది గేరుబాక్సు.

చిన్న కారులో మొదటి గేరు నిష్పత్తి సాధారణంగా మూడున్నరకు ఒకటి దగ్గర ఉంటుంది. ఇంజిన్ మూడున్నర చుట్లు తిరిగితే గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గిన మేరకు లాగే బలం పెరుగుతుంది. టాప్ గేరులో షాఫ్టు ఇంజిన్ కంటే వేగంగా తిరుగుతుంది, కాబట్టి ఇంజిన్ ప్రశాంతంగా నడుస్తుంది, ఇంధనం ఆదా అవుతుంది. ఒక గేరు నుంచి మరో గేరుకు మారే క్షణంలో ఇంజిన్‌ను గేరుబాక్సు నుంచి విడదీసి, మళ్లీ మెల్లగా కలిపేది క్లచ్ ప్లేటు.

ఈ అమరికకు మూలం ఫ్రాన్స్‌లో ఉంది. 1891లో పనార్ ఎ లెవస్సోర్ సంస్థ ఇంజిన్‌ను ముందు పెట్టి, దాని వెనుక క్లచ్, పక్కకు జరిగే పళ్ల చక్రాలతో గేరుబాక్సు అమర్చి, వెనుక చక్రాలకు శక్తి అందించింది. తర్వాత వచ్చిన కార్లలో ఎక్కువ భాగం ఆ దారే పట్టాయి. తొలి గేరుబాక్సుల్లో చక్రాల వేగాలు కలవకుండా గేరు వేస్తే పళ్లు గరగరమనేవి. 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ ఆ ఇబ్బందిని తీర్చింది. గేరు పడేలోపే పళ్ల చక్రం వేగాన్ని షాఫ్టు వేగంతో ఒరిపిడి ద్వారా సమం చేయడం దాని పని. మరో పుష్కరం తిరగకముందే, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లతో క్లచ్ పెడలే లేని హైడ్రామాటిక్ వచ్చింది. మాన్యువల్ తగ్గుముఖం పట్టడానికి బీజం పడింది అప్పుడే.

ఆనందం ఎక్కడుంది?

మాన్యువల్ నడపడంలోని సంతోషం వేగంలో లేదు. ముందు జరగబోయేది పసిగట్టి, దానికి తగినట్టు ఇంజిన్‌ను సిద్ధం చేయడంలో ఉంది. ఎడ్లబండి తోలే రైతు ఎత్తు రాకముందే ఎడ్లను అదిలిస్తాడు. గేరు తెలిసిన డ్రైవరూ అంతే, బండి ముక్కడం మొదలుపెట్టకముందే గేరు దించుతాడు.

మంచిర్యాల చుట్టుపక్కల ఈ విద్యకు పరీక్ష పెట్టే దారులు చాలా ఉన్నాయి. గోదావరిఖని దగ్గర వంతెన దాటి ఇందారం, శ్రీరాంపూర్ మీదుగా పట్నంలోకి వచ్చే రోడ్డు మీద బొగ్గు లారీలు, టిప్పర్లు బారులు తీరుతాయి. లోడు బండిని దాటాలంటే ఐదో గేరులో ఆక్సిలేటర్ తొక్కితే సరిపోదు, ఇంజిన్ మూలుగుతుందే గానీ బండి అందుకోదు. ఎదురుగా ఖాళీ కనిపించేలోపే మూడో గేరులోకి దిగి, ఇంజిన్‌ను బలమైన చుట్ల దగ్గరికి తెచ్చి ఉంచాలి. ఖాళీ దొరకగానే బండి ఒక్క ఊపున దూసుకెళ్తుంది. ఆ క్షణంలో చెయ్యి, కాలు, చెవి ఒక్కటిగా పనిచేస్తాయి. స్పీడోమీటరు వైపు చూపు పోదు. ఇంజిన్ శబ్దమే ఎప్పుడు గేరు మార్చాలో చెబుతుంది.

ఆసిఫాబాద్ నుంచి ఉట్నూర్ వైపు వెళ్లే దారిలో కెరమెరి ఘాట్, నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వెళ్లే దారిలో మహబూబ్ ఘాట్ మరో పాఠం నేర్పుతాయి. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలన్నది పాత డ్రైవర్ల సూత్రం. దిగుడులో ఊరికే బ్రేకు తొక్కుతూ పోతే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. రెండో గేరులో ఉంచితే ఇంజినే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. డీజిలు మిగుల్తుందని న్యూట్రల్‌లో దిగడం ప్రమాదమే కాక తప్పుడు లెక్క కూడా. ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి, ఆక్సిలేటర్ వదిలేసి దిగుతున్నప్పుడు ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనైతే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి కొంత ఇంధనం కాలుతూనే ఉంటుంది.

వానాకాలం నల్లరేగడి దారిలో మరో కిటుకు పనికొస్తుంది. బురదలో మొదటి గేరు బలం ఎక్కువై చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. రెండో గేరులో మెల్లగా క్లచ్ వదిలితే చక్రం జారకుండా నేలను పట్టుకుంటుంది. చక్రం కింద నేల ఎలా ఉందో పాదానికి తెలియడమంటే ఇదే. ఇలాంటి తెలివి పుస్తకం చదివితే రాదు, బండి బంద్ పడుతూ, మళ్లీ సెల్ఫ్ కొడుతూ నేర్చుకోవాలి. అలా నేర్చుకున్నది కాబట్టే అది నడిపే మనిషికి సొంతమైన నైపుణ్యంగా అనిపిస్తుంది, తృప్తినిస్తుంది.

జీపు నుంచి మారుతి దాకా

అడవులు, గనులు ఉన్న ఈ ప్రాంతానికి తగిన బండి మొదట్లో మహీంద్రా జీపే. పాత జీపుల్లో మూడు గేర్లు ఉండేవి, మొదటి దానికి సింక్రో లేదు. బండి కదులుతుండగా మొదటి గేరు వేయాలంటే డబుల్ క్లచ్ తప్పదు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, కొంచెం రేజ్ ఇచ్చి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందించడానికి వేరే రాడ్లు కూడా ఉండేవి.

అంబాసిడర్‌ది ఇంకో తరహా. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ ఆధారంగా 1950ల చివర వచ్చిన ఈ కారులో గేరు రాడ్డు స్టీరింగ్ పక్కనే ఉండేది. ముందు సీటు బెంచీలా ఒకటే కావడంతో మధ్యలో ఇంకో మనిషి కూర్చోగలిగేవాడు. ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మినిలోనూ స్టీరింగ్ గేరే. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 గేరు రాడ్డును నేల మీదికి తెచ్చింది. నాలుగు గేర్లు, తేలికైన క్లచ్, 796 సీసీ ఇంజిన్. డ్రైవరును పెట్టుకోకుండా సొంతంగా కారు నడుపుకునే మధ్యతరగతిని పెంచింది ఈ కారే. మారుతి 800, అంబాసిడర్ రెండింటి ఉత్పత్తీ 2014లోనే ఆగిపోయింది. మన దేశంలో క్లచ్ పెడల్ లేని చిన్న కారు మామూలు కొనుగోలుదారుకు అందుబాటులోకి రావడం మొదలైందీ అదే ఏడాది.

ముందు గనిలోనే పోయిన క్లచ్

మంచిర్యాల జిల్లాలో ఈ మార్పు ఇంటి ముందు ఆగే కారుతో మొదలు కాలేదు. సింగరేణి శ్రీరాంపూర్, మందమర్రి ఏరియాల ఓపెన్‌కాస్టులలో భారీ డంపర్లు చాలా ముందే క్లచ్ లేకుండా నడిచాయి. 60 టన్నులు, 100 టన్నులు మోసే ఈ తరగతి యంత్రాల్లో క్లచ్ ప్లేటు స్థానంలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజిన్ వైపు రెక్కలు నూనెను విసిరితే, ఆ నూనె గేరుబాక్సు వైపు రెక్కలను తిప్పుతుంది. లోహానికి లోహం ఒరుసుకోకుండానే బలం అందుతుంది.

కారణం సులభంగా అర్థమవుతుంది. గనిలో బండి దారి వాలు సాధారణంగా 16 అడుగులకు ఒక అడుగు మించకూడదు. ఆ వాలు మీదే నిండు లోడుతో డంపరు షిఫ్టు పొడవునా ఎక్కుతూ, దిగుతూ ఉండాలి. అంత బరువు మీద మనిషి ప్రతిసారీ క్లచ్ ఆడిస్తే ప్లేటు నిలవదు, కాలూ నిలవదు. గేరు మధ్యలో తప్పితే ప్రాణాలకే ముప్పు. అందుకే కష్టమైన పని దగ్గరే యంత్రం ముందుగా గేరు బాధ్యత తీసుకుంది. మట్టిని, బొగ్గును రోడ్డు మీద మోసే టిప్పర్లలో మాత్రం క్లచ్, గేరు రాడ్డు కొనసాగాయి. ఒకే బొగ్గును గనిలో ఆటోమేటిక్ బండి, రోడ్డు మీద మాన్యువల్ బండి మోసిన జిల్లా ఇది.

రోడ్డు మీదికి వచ్చిన మార్పు

2014 ఫిబ్రవరిలో మారుతి సుజుకి సెలెరియో ఏఎంటీతో వచ్చింది. ఏఎంటీ లోపల ఉండేది మామూలు మాన్యువల్ గేరుబాక్సే. క్లచ్ తొక్కే కాలు, రాడ్డు కదిలించే చెయ్యి చేసే పనిని కంప్యూటరు ఆడించే చిన్న యంత్రాలు చేస్తాయి. ఖర్చు తక్కువ, మైలేజీ మాన్యువల్‌కు దగ్గరగా ఉంటుంది. గేరు మారేటప్పుడు చిన్న కుదుపు తెలుస్తుంది. ఆటోమేటిక్ అంటే ఖరీదు, మైలేజీ ఇవ్వదు అన్న పాత అభిప్రాయాన్ని మార్చింది ఇదే.

దీనితోపాటు ఇతర పద్ధతులూ విస్తరించాయి. సీవీటీలో గేర్లకు బదులు బెల్టు, సైజు మారే పుల్లీలు ఉంటాయి, అందుకే మార్పు తెలియనే తెలియదు. డీసీటీలో రెండు క్లచ్‌లు ఉంటాయి. ఒకటి బేసి గేర్లను, రెండోది సరి గేర్లను చూసుకుంటుంది, తర్వాతి గేరు ముందే సిద్ధంగా ఉంటుంది. 2020లో హ్యుందాయ్ వెన్యూలో వచ్చిన ఐఎంటీలో గేరు రాడ్డు ఉంది గానీ క్లచ్ పెడల్ లేదు.

విద్యుత్ బండి మరో అడుగు ముందుకు వేసింది. మోటారు మొదటి చుట్టు నుంచే పూర్తి బలం ఇస్తుంది, నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరగగలదు. దానికి ఒకే నిష్పత్తి సరిపోతుంది. 2020 జనవరిలో టాటా నెక్సాన్ ఈవీ మార్కెట్లోకి వచ్చింది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయించింది. అదే ఏడాది టీజీఎస్ఆర్టీసీ కరీంనగర్ నుంచి ఎలక్ట్రిక్ బస్సులు నడపడం మొదలుపెట్టింది. ఆ బస్సుల్లో డ్రైవరు ఎడమ కాలికి పని లేదు.

ఎందుకు వదులుకుంటున్నారు?

మొదటి కారణం ట్రాఫిక్. మంచిర్యాల నుంచి హైదరాబాద్ సుమారు 250 కిలోమీటర్లు. దారి పొడవునా ఆనందమిచ్చిన గేరు రాడ్డు నగరం మొదలవగానే శిక్షగా మారుతుంది. రద్దీలో ఒక్క గంటలో వందలసార్లు క్లచ్ తొక్కాల్సి వస్తుంది. రెండోది శరీరం. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, ఎడమ కాలు సరిగా పనిచేయని వాళ్లకు ఆటోమేటిక్ స్వేచ్ఛనిచ్చింది. ఎత్తు మీద బండి వెనక్కి జారుతుందేమోనన్న భయంతో డ్రైవింగ్‌కు దూరంగా ఉండిపోయిన వాళ్లనూ స్టీరింగ్ ముందుకు తెచ్చింది. ఇది చిన్న మేలు కాదు. మూడోది సాంకేతికం. కొత్త ఆటోమేటిక్‌లు చాలామంది డ్రైవర్ల కంటే కచ్చితంగా గేరు మారుస్తాయి, ఇంధనమూ మిగులుస్తాయి.

ప్రపంచమంతా ఇదే దారిలో ఉంది. అమెరికాలో కొత్త బండ్లలో మాన్యువల్ వాటా రెండు శాతం కూడా లేదు. ఫెరారీ సంస్థ గత దశాబ్దం మొదట్లోనే మాన్యువల్ గేరుబాక్సు మానేసింది. అయినా ఆ అనుభవం మీద మనిషికి మమకారం పోలేదు. 2023లో వచ్చిన హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ అనే విద్యుత్ కారులో లేని గేర్లను ఉన్నట్టు అనుకరించే ఏర్పాటు ఉంది. గేరు మారిన శబ్దాన్ని, కుదుపును అది కృత్రిమంగా పుట్టిస్తుంది. క్లచ్ పెడల్ పెట్టి మాన్యువల్ అనుభూతినిచ్చే విద్యుత్ కారుపై టొయోటా ప్రయోగాలు చేసింది. అవసరం తీరినా సంతోషం కోసం వెనక్కి చూస్తున్నారన్నమాట.

పోయేది, మిగిలేది

మాన్యువల్ తగ్గితే రెండు విద్యలు తగ్గుతాయి. మొదటిది డ్రైవరుది. లోడును, ఎత్తును, నేలను ముందే అంచనా వేసే అలవాటు ఆటోమేటిక్ నడిపే మనిషికి తప్పనిసరి కాదు. రెండోది మెకానిక్‌ది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మార్చే పని ఊరి గ్యారేజీకి ఆదాయ మార్గం. శబ్దం విని లోపం చెప్పే నేర్పు దానితోపాటు పెరిగింది. ఏఎంటీ మొరాయిస్తే కంప్యూటరు పెట్టి చూడాలి. విద్యుత్ కారుకు క్లచ్ ప్లేటే లేదు. స్థానిక మెకానిక్‌లకు కొత్త శిక్షణ అందకపోతే పని సంస్థల సర్వీసు సెంటర్లకే పరిమితమవుతుంది.

అయితే గేరు రాడ్డు ఇప్పట్లో కనుమరుగు కాదు. పత్తి చేలలో, వరి మడుల్లో దున్నే ట్రాక్టర్లలో ఎనిమిది ముందు గేర్లు, రెండు వెనుక గేర్ల అమరికే ఎక్కువ. తక్కువ ధర కార్లు, ట్రాలీ ఆటోలు, లారీలు, టిప్పర్లు ఇప్పటికీ ఎక్కువగా మాన్యువలే. 2020 అక్టోబరులో కొత్తగా వచ్చిన మహీంద్రా థార్‌లో ఆటోమేటిక్‌తోపాటు మాన్యువల్ కూడా ఉంచారు. పని చేసే బండ్లలో అవసరంగా, ఇష్టపడి కొనే బండ్లలో అభిరుచిగా అది మిగులుతుంది. మధ్యలో ఉన్న కుటుంబ కార్ల నుంచి మెల్లగా తప్పుకుంటుంది.

లైసెన్సు విషయంలో మన చట్టం ద్విచక్ర వాహనాలకు గేరు ఉన్నవి, లేనివి అని తేడా చూపుతుంది. కార్లకు ఆ తేడా లేదు. ఆటోమేటిక్ మీద నేర్చుకున్నవారూ అదే లైసెన్సుతో మాన్యువల్ కారు ఎక్కవచ్చు. కాబట్టి నేర్పే బాధ్యత డ్రైవింగ్ స్కూళ్ల మీద, ఇంట్లో పెద్దల మీద పడుతుంది. కొనబోయేది ఆటోమేటిక్ అయినా మొదటి పాఠం మాన్యువల్ మీద నేర్చుకోవడం మేలు. ఎత్తు మీద హాఫ్ క్లచ్‌తో బండిని నిలపడం, ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్‌తో వేగం అదుపు చేయడం తెలిసినవారు ఆటోమేటిక్‌లోనూ ఎల్ (తక్కువ గేరు) స్థానం లేదా మాన్యువల్ మోడ్ ఎప్పుడు వాడాలో గుర్తిస్తారు. అత్యవసరంలో ట్రాక్టరో, పక్కింటి పాత కారో తీయాల్సి వచ్చినప్పుడు తడబడరు. ఈ జిల్లాలో అలాంటి అవసరం ఇంకా చాలాకాలం ఉంటుంది.