వైన్‌కు గాలి: ఎంత మేలు, ఎంత చేటు?

సీసా మూత తీసి కాసేపు ఉంచితే వైన్ రుచి పెరుగుతుందన్న నమ్మకం పాతదే. అయితే సీసా మెడ ఇరుకు కావడంతో లోపలి ద్రవానికి తగిలే గాలి అత్యల్పం. అందుకే ఫ్రాన్స్‌లోని బోర్డో వంటి ప్రాంతాల్లో వైన్‌ను వెడల్పాటి గాజు పాత్రలోకి వంపుతారు. దీనివల్ల గంధక సమ్మేళనాల వాసన తగ్గి, పండ్ల పరిమళం తేటపడుతుంది. వగరు అధికంగా ఉండే కొత్త ఎర్ర వైన్‌లకు ఇది అనుకూలం.

వైన్ పరిణతిలో ఆక్సిజన్ పాత్రను లూయీ పాశ్చర్ 1866లో ప్రచురించిన గ్రంథంలోనే వివరించారు. బోర్డో నిపుణుడు ఎమిల్ పేనో మాత్రం, వడ్డించే ముందు గాలి సోకితే పరిమళం పలచబడుతుందని వాదించారు. పాత వైన్‌ల విషయంలో ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది. అడుగున చేరిన మడ్డిని వేరు చేయడానికే వాటిని పాత్ర మార్చి, వెంటనే వడ్డిస్తారు. రోజుల తరబడి తెరిచి ఉంచితే బ్యాక్టీరియా ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా మార్చి, వైన్‌ను వినెగర్ చేస్తుంది.