నూనె చేసే పనిని ఎడమకాలికి అప్పగిస్తే

కోయిలకుంట్లలో నంద్యాల బస్సు ఎక్కినప్పుడు డ్రైవరు ఎడమకాలిని గమనించండి. గేరు మార్చినప్పుడల్లా అది క్లచ్చిని తొక్కుతుంది. ఆ కాలికి పనే లేని కార్లూ ఉన్నాయి. వాటిలో గేర్లు తమంతట తామే మారుతాయి. 1940 మోడలు ఓల్డ్స్‌మొబైల్ కార్లలో జనరల్ మోటార్స్ కంపెనీ ఇటువంటి గేరుబాక్సును అమర్చింది. ఇంత సుఖమైన ఏర్పాటును ఊడదీసి, తమ పాత కార్లకు క్లచ్చి బిగించుకొనేవారు ఉన్నారంటే వింతగా లేదూ?

అసలు చిక్కు ఎక్కడుందో చూద్దాం. కారు ఆగినా ఇంజను తిరుగుతూనే ఉండాలి. అంటే ఇంజనుకూ చక్రాలకూ మధ్య కలుపుతూ, విడదీస్తూ ఉండే సాధనం ఒకటి కావాలి.

రెండు టేబుల్ ఫ్యాన్లను ఎదురెదురుగా పెట్టి, ఒకదానికే స్విచ్చి వేయండి. ఆ గాలికి రెండవది కూడా మెల్లగా తిరుగుతుంది. గాలికి బదులు నూనె పోసి, రెండింటినీ ఒకే డొల్లలో మూసివేస్తే? జర్మనీ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు పొందిన ఊహ ఇదే. ఆయన దానిని ఓడల కోసం తలపెట్టాడు. ఆటోమేటిక్ కారులోని టార్క్ కన్వర్టరు దాని సంతానమే. ఇంజను నెమ్మదిగా తిరిగినప్పుడు నూనె తోపుడు చాలదు. బ్రేకు తొక్కితే కారు నిలబడుతుంది.

క్లచ్చిలో పని ఘర్షణది. ఫ్లైవీలుకు ఒక పలకను స్ప్రింగు అదిమి పట్టి ఉంచుతుంది. పెడలు తొక్కితే ఆ పట్టు వదులుతుంది.

నూనె కొంత జారుతుంది. ఆ జారుడులో కొంత పెట్రోలు వేడిగా పోతుంది. కానీ అసలు కారణం రిపేరు. పాత ఆటోమేటిక్ గేరుబాక్సులో సన్నని నూనె దారులు, వాల్వులు చిక్కుదారాల్లా ఉంటాయి. క్లచ్చి ప్లేటు మార్చడమంటే మన ట్రాక్టరు మెకానిక్కులకు కొట్టిన పిండి!

అయితే గేరుబాక్సు ఒక్కటి మారిస్తే చాలదు. ఆటోమేటిక్‌లో ఇంజను వెనుక పలుచని రేకు పళ్ళెం ఉంటుంది. దాని స్థానంలో బరువైన ఫ్లైవీలు రావాలి. కొన్ని ఇంజన్లలో క్రాంకుషాఫ్టు చివర చిన్న బేరింగుకు రంధ్రమే తొలిచి ఉండదు. ప్రొపెల్లరు షాఫ్టు పొడవు కుదరకపోవచ్చు. మూడో పెడలుకు చోటు చేయాలి. అందుకే రెండు రకాలుగానూ అమ్ముడైన మోడలు అయితే పని సులువు. 1976లో వచ్చిన బెంజి డబ్ల్యు-123 అటువంటిది. మాన్యువల్ కారు విడిభాగాలే దీనికి సరిపోతాయి. మార్పుకు ముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించాలి. 1988 మోటారు వాహనాల చట్టం మార్పులకు హద్దులు పెట్టింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక చిన్న తీగ. ఆటోమేటిక్ కారు గేరులో ఉండగా స్టార్టు కాదు. గేరుబాక్సు మీది స్విచ్చి అడ్డుపడుతుంది. గేరుబాక్సుతోపాటు అదీ పోతుంది. ఆ తీగలను ఊరికే ముడివేస్తే, మొదటి గేరులో తాళం తిప్పగానే కారు ముందుకు దూకుతుంది. ఎదురుగా మనిషి ఉంటే? కాబట్టి స్విచ్చిని క్లచ్చి పెడలుకు బిగించాలి.

ఆటోమేటిక్‌లో నిలిపినప్పుడు పళ్ళచక్రంలో పడే కొక్కెం కూడా ఇక లేదు. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల ఘాటులో బండి ఆపితే హ్యాండు బ్రేకు వేసి, ముఖం ఎత్తుకు ఉంటే మొదటి గేరు, పల్లానికి ఉంటే రివర్సు గేరు వేయాలి. ఆపైన లారీ క్లీనర్లు పెట్టినట్లు చక్రం కింద ఒక రాయి.