మిక్సీ మోత ఎందుకు? తగ్గేదెలా?

వంటింట్లో మిక్సీ వేస్తే పక్క గదిలో చదువుకునే మీకు చిరాకేస్తుందా? ఆ మోతంతా మిక్సీదే కాదు. మోటారు గిర్రున తిరిగేటప్పుడు మిక్సీ అదురుతుంది. ఆ అదురు కాళ్ల గుండా వంటగట్టుకు పాకుతుంది. గట్టు కింది అల్మరా తలుపులు, పక్కనున్న గిన్నెలు కూడా కంపించి చుట్టూ ఉన్న గాలిని కదిలిస్తాయి. మోత పెరిగేది అలాగే. మిక్సీ కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేయమనండి. రబ్బరు నొక్కుకుంటూ, సాగుతూ అదురులోని కొంత శక్తిని వేడిగా మార్చేస్తుంది. గట్టుకు చేరేది తగ్గుతుంది. మెత్తటి గుడ్డ మాత్రం వద్దు! చాలా మిక్సీలకు మోటారుకు గాలి తగిలే కన్నాలు అడుగునే ఉంటాయి, అవి మూసుకుపోతాయి.

మిక్సీ అదురు గట్టు గుండా పాకితే, వీధి మోత మాత్రం గాలిలో వస్తుంది. కిటికీ మూసినా సన్నని సందు చాలు, దూరిపోతుంది. రెక్కల అంచులకు రబ్బరు పట్టీ అంటిస్తే మేలు. పరదాలు గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ బయటి హారన్‌ను పెద్దగా ఆపలేవు.

మన దేశంలో 2000 నాటి నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో శబ్దం పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి పదయ్యాక మీ ఇంట్లో టీవీ శబ్దం తగ్గించండి. పక్కింట్లో పసిపాపో, జబ్బుపడ్డ పెద్దవాళ్లో నిద్రపోతూ ఉండొచ్చు.