కవిగారు ఏమేం పనులు చేస్తారు?

పిల్లలూ! కవి అంటే రోజంతా కవితలు రాస్తూ కూర్చుంటారని అనుకుంటున్నారా? చాలామంది కవులు పాఠాలు చెప్తారు, పరిశోధన చేస్తారు, సభలకి వెళ్తారు. సి. నారాయణరెడ్డి గారు ఇవన్నీ చేశారు. ఆయన్ని అందరూ ముద్దుగా 'సినారె' అంటారు.

సినారె 1931లో తెలంగాణలోని హనుమాజీపేట అనే పల్లెటూళ్ళో పుట్టారు. అది నిజాం పాలన. బడిలో పాఠాలన్నీ ఉర్దూలో చెప్పేవారు. బి.ఏ. దాకా ఆయన ఉర్దూలోనే చదివారు! మరి తెలుగు మీద అంత ఇష్టం ఎలా కలిగింది? చిన్నప్పుడు ఊళ్ళో హరికథలు, జంగం కథలు, జానపద గీతాలు విన్నారు. యీషున్‌లో ఉండే మీకు కూడా బడిలో పాఠాలు తెలుగులో ఉండవు కదా! మీకు తెలుగు ఇంట్లోనే ఎక్కువగా వినిపిస్తుంది.

పరిశోధన అంటే ఏమిటి? ఒక ప్రశ్న పట్టుకుని జవాబు కోసం వెతకడం. ఉదాహరణకి, యీషున్‌కి ఆ పేరు ఎలా వచ్చింది? పూర్వం ఈ ప్రాంతంలో లిమ్ నీ సూన్ అనే వ్యాపారికి రబ్బరు, అనాస తోటలు ఉండేవి. 'నీ సూన్' అనే పేరును మాండరిన్‌లో పలికితే 'యీషున్' అవుతుంది.

సినారె పట్టుకున్న ప్రశ్న ఇది: ఈ కాలపు తెలుగు కవులు పాత పద్ధతుల్లో వేటిని ఉంచుకున్నారు, కొత్తగా ఏం చేశారు? ఎన్నో పుస్తకాలు చదివి జవాబు రాశారు. 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనకి డాక్టరేట్ ఇచ్చింది. అక్కడే ఆయన విద్యార్థులకి తెలుగు పాఠాలు చెప్పారు. 'గులేబకావళి కథ' సినిమాకి పాటలు రాసింది కూడా ఆ రోజుల్లోనే.

సభల్లో ఆయన గజళ్ళు పాడేవారు. గజల్ ఉర్దూలో పేరున్న పాట. దాన్ని ఆయన తెలుగులో రాశారు. చూశారా, బడిలో నేర్చిన భాష ఆయన తెలుగుకి అడ్డు రాలేదు, సాయం చేసింది! 'విశ్వంభర' కావ్యం రాసిన ఆయనకి 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది.

సింగపూర్‌లోనూ తెలుగు సభలు జరుగుతాయి. ఇక్కడ తెలుగు సమాజం 1975లోనే మొదలైంది.

మీరు చేయండి:
1. మీ అమ్మమ్మ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో పెద్దవాళ్ళని అడగండి. ఇద్దరిని అడిగితే ఇంకా మంచిది.
2. తెలిసిన సంగతిని మూడు వాక్యాల్లో తెలుగులో రాయండి.
3. ఈసారి ఉగాదికి దాన్ని నలుగురి ముందూ గట్టిగా చదవండి.