శ్రీశైలం నడకకు ముందు ఆఖరి వారం

మిరప కోతలు ముమ్మరంగా సాగుతుండగానే మహాశివరాత్రి వచ్చేస్తుంది. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో శ్రీశైలానికి నడిచి వెళ్లే మొక్కున్నవాళ్లు కళ్లంలో ఆరబోసిన కాయను ఇంటివాళ్లకు అప్పజెప్పి బయల్దేరతారు. వినుకొండ, త్రిపురాంతకం మీదుగా దోర్నాల చేరాక నల్లమల ఘాట్‌లో ఇంకా సుమారు 50 కిలోమీటర్లు నడవాలి. శ్రీశైలానికి తూర్పు ద్వారం ఆ త్రిపురాంతకమే. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికి మెట్లు కట్టించాడంటే, మన మైదానం మనుషులకు ఆ కొండతో ఎన్నాళ్ల నడక బంధమో ఊహించుకోవచ్చు.

బయల్దేరే ముందు అందరి ధ్యాసా సంచి మీదే ఉంటుంది. నన్నడిగితే, ఆఖరి వారం పాదాలది. సగం దారిలో ఆటో ఎక్కేవాళ్లలో చాలామందిని ఆపేది ఆయాసం కాదు, బొబ్బలు. చెప్పు పట్టీ పైచర్మాన్ని ఒకవైపు పట్టి ఉంచుతుంది, లోపలి ఎముక అడుగడుగుకీ ఇంకోవైపు జరుగుతుంది. ఆ లాగుడుకి చర్మం పొరలు విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది. చెమటకు నానిన చర్మానికి ఈ రాపిడి మరీ ఎక్కువ. అందుకే ప్రయాణం కోసం కొత్త చెప్పులు, కొత్త బూట్లు కొనొద్దు. రోజూ పొలానికి వేసుకెళ్లే జతే మేలు. గోళ్లు మూడు నాలుగు రోజుల ముందే, మూలలు లోపలికి కోయకుండా తిన్నగా తీసుకోండి. నడిచేటప్పుడు ఎక్కడైనా వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపిస్తే గమ్యం దాకా ఓర్చుకోకుండా అక్కడే ఆగి, ఆ చోట ప్లాస్టర్ అంటించండి. బొబ్బ లేచాక దాని పైతోలు పీకొద్దు.

మిరప చేలో పనిచేసినవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. కోతకు వెళ్లిన చేతులు రాత్రికి ఎంత మండుతాయో తెలిసిందే. ఆ మంటకు మూలమైన క్యాప్సైసిన్ నీళ్లలో సరిగ్గా కరగదు, నూనెలో కరుగుతుంది. నీళ్లతో కడుక్కుని అవే చేతులతో పాదాలకు కొబ్బరినూనె రాస్తే, మిగిలిన ఘాటు ఆ నూనెతోపాటు పగుళ్లలోకి దిగుతుంది. ముందు చేతులకు నూనె పట్టించి రుద్ది, ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కోండి. మిర్చి నింపిన గోనెసంచిలో బట్టలు సర్దొద్దు. తేజ రకమైతే మరీ ప్రమాదం. చెమట పట్టినప్పుడల్లా ఒళ్లంతా మండుతుంది.

నల్లరేగడి నేల మీద రోజంతా తిరిగేవాళ్లకు కూడా ఎత్తుపల్లాలు అలవాటు ఉండవు. ముఖ్యంగా దిగడం. దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువు మోస్తాయి కాబట్టి, ఆ నొప్పి మర్నాడో మూడోనాడో బయటపడుతుంది. కోటప్పకొండ మెట్లెక్కి దిగడం మంచి సాధనే. కాకపోతే ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందే ముగించి, తర్వాత కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలి.

సంచి ఎంత తేలికైతే అంత మంచిది. రెండు జతల బట్టలు, దుప్పటి, టార్చిలైటు, మందులు. తిండికి అటుకులు, వేరుశనగ ఉండలు చాలు. దారిలో అన్నదానాలు ఉంటాయి. లీటరు నీళ్లంటే కిలో బరువు, అయినా దాన్ని మాత్రం తగ్గించొద్దు. చెమటతో ఉప్పు కూడా పోతుంది కనుక ఉత్త నీళ్లే తాగుతూ పోతే నీరసం ముంచుకొస్తుంది. ఓఆర్‌ఎస్ పొట్లాలు దగ్గరుంచుకోండి. దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీస్పూను, తలకొట్టి కొలవాలి.

షుగరు ఉన్నవాళ్లు ఈ వారంలోనే డాక్టరును కలవాలి. ఎక్కువ దూరం నడిస్తే షుగరు పడిపోవచ్చు. మాత్రలు, ఇన్సులిన్ మోతాదు ఆయన చెప్పినట్టే మార్చుకోవాలి. పాదాలు మొద్దుబారినవాళ్లకు తారురోడ్డు కాలుతున్న సంగతే తెలియదు, తెలిసేసరికి పుండు పడుతుంది. మొక్కు ఉన్నా సరే, వాళ్లు చెప్పులు లేకుండా నడవకూడదని గట్టిగా చెబుతున్నాను. చెప్పులు వదిలేసిన మిగతా దీక్షాస్వాములు తెల్లవారుజామునే నడక మొదలుపెట్టి, ఎండెక్కేలోగా నీడ చూసుకోవాలి.

దోర్నాల దాటితే పెద్దపులుల అడవి. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం దేశంలోని పులుల అభయారణ్యాల్లో విస్తీర్ణంలో అతి పెద్దది. అడ్డదారులు తొక్కొద్దు, గుంపు విడిచి వెళ్లొద్దు, నిప్పు రాజేయొద్దు. ఆ నెలల్లో ఎండుటాకు ఇట్టే అంటుకుంటుంది. అడవిలో చాలాచోట్ల ఫోను సిగ్నలు అందదు. అందుకని దోర్నాలలోనే ఇంటికి ఫోను చేసి, మళ్లీ ఏ పూటకు చేస్తారో చెప్పండి. పేరు, ఊరు, వాడే మందులు, ఇంటి నంబరు రాసిన కాగితాన్ని తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి చొక్కా జేబులో పెట్టుకోండి. సంచిలో వద్దు, సంచి ఎవరో ఒకరు మోసుకుపోతారు.