తాతయ్య చెయ్యి ఎందుకు వణుకుతోంది?

తాతయ్య ఊరికే కూర్చున్నా ఆయన చెయ్యి వణుకుతోంది కదూ? గ్లాసు అందుకోబోతే కాస్త తగ్గుతుంది కూడా! డాక్టర్లు దీన్ని ‘పార్కిన్సన్స్’ అంటారు. 1817లో దీని గురించి రాసిన లండన్ వైద్యుడి పేరది.

ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు తగ్గితే శివారు పొలాలు ఏమవుతాయి? మెదడులోనూ అంతే. కదలికలను సాఫీగా నడిపే డోపమిన్ అనే రసాయనం తగ్గిపోతుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తాతయ్యకు అంతసేపు పట్టేది అందుకే, పాపం.

మరి డోపమిన్‌నే మందుగా ఇస్తే? రక్తంలో కలుస్తుంది గానీ మెదడు గుమ్మం దాటదు. అక్కడి రక్తనాళాల గోడలు పిండి జల్లెడలాంటివి, అన్నిటినీ పోనివ్వవు. అందుకే లెవోడోపా ఇస్తారు. అది మెదడు లోపలికెళ్లి డోపమిన్‌గా మారుతుంది. ముట్టుకుంటే దురదపెట్టే మన దూలగొండి ఉందే, దాని గింజల్లోనూ లెవోడోపా ఉంటుంది! అలాగని వాటిని నమలకండి, మోతాదు డాక్టరే చెప్పాలి.